పొయ్యి మీది దేవుడు, నీళ్ల మూత జాడీ: తూర్పు దేశాల వంటింటి విశేషాలు

వంటగదిని చైనా పద్ధతిలోనో జపాన్ పద్ధతిలోనో తీర్చిదిద్దుకోవాలని సరదాపడేవాళ్లకు దుకాణాల్లో చూపించేవి నాలుగే నాలుగు: ఎర్ర లాంతరు, డ్రాగన్ బొమ్మ, బొజ్జ బుద్ధుడు, చెయ్యూపే పిల్లి. కొనుక్కుంటే తప్పేమీ లేదు. కానీ ఆ దేశాల వంటిళ్లలో నిజంగా వాడుకలో ఉన్న వస్తువులు వీటికంటే ఎంతో అందంగా ఉంటాయి. వాటిలో చాలావరకు ఏదో ఒక పని కోసం పుట్టినవే. పిల్లి రాకుండా, ఊరగాయ పాడవకుండా, ఆవిరి నీరు పిండి మీద కారకుండా చూడటం వాటి అసలు పని. సొగసు ఆ తర్వాత వచ్చి చేరింది. ఆ సంగతులు తెలిస్తే ఏది తెచ్చుకోవాలో, ఏది వదిలేయాలో మనకే తెలిసిపోతుంది.

నోరు తీపి చేసి సాగనంపే దేవుడు

చైనా వంటింటి అలంకారంలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది పొయ్యి పైన గోడకు అతికించే కాగితం బొమ్మ. అందులో ఉండే ఆయన పేరు జావ్ జున్, పొయ్యి దేవుడు. చాలా బొమ్మల్లో పక్కన ఆయన భార్య కూడా కూర్చుని ఉంటుంది. చెక్క అచ్చుతో ముందు నల్ల గీతలు వేసి, తర్వాత ఒక్కో రంగుకూ ఒక్కో అచ్చు అద్ది ఈ బొమ్మలు తయారుచేస్తారు. కొన్నింటిలో తల పైభాగాన ఆ ఏటి పంచాంగం కూడా ముద్రించి ఉంటుంది. రైతు ఇంట్లో దేవుడి పటమూ, క్యాలెండరూ ఒకే కాగితం మీద సర్దుకున్నాయన్నమాట.

ఏడాది పొడవునా పొగకూ నూనె ఆవిరికీ మసిబారుతూ ఆయన ఇంట్లో జరిగే మంచీ చెడూ గమనిస్తాడని నమ్మకం. చాంద్రమానం ప్రకారం పన్నెండో నెలలో ఉత్తర చైనావాళ్లు 23న, దక్షిణాదివాళ్లు 24న ఆయన్ని స్వర్గానికి సాగనంపుతారు. అక్కడ జేడ్ చక్రవర్తి ముందు ఆ ఇంటి సంగతులన్నీ విన్నవించాలి. అందుకని బయలుదేరే ముందు బొమ్మ పెదాలకు తేనెగానీ జిగురుగా సాగే మిఠాయిగానీ పూస్తారు. ఆయన నోట తియ్యని మాటలే రావాలని కొందరంటారు. పెదాలు అతుక్కుపోయి నోరే పెగలకూడదని ఇంకొందరంటారు. ఆ తర్వాత బొమ్మను కాల్చేస్తే పొగతోపాటు పైకి వెళ్లిపోతాడు. కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి కొత్త బొమ్మ అతికించి మళ్లీ ఇంట్లోకి పిలుచుకుంటారు.

వియత్నాంలో ఈ దేవుళ్లు ముగ్గురు, ఇద్దరు మగవాళ్లూ ఒక ఆడమనిషీ. పొయ్యికి మూడు రాళ్లు ఎలాగో వీళ్లు ముగ్గురూ అలాగని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పన్నెండో నెల 23న వీళ్లు చేప మీదెక్కి పైకి వెళ్తారని నమ్మకం. అందుకే ఆ రోజు హనోయ్‌లో జనం బతికిన చేపల్ని తెచ్చి చెరువుల్లో వదులుతారు. కొరియాలో పొయ్యి దేవతకు బొమ్మే లేదు. తెల్లవారుతూనే ఇల్లాలు గిన్నెడు మంచినీళ్లు తెచ్చి పొయ్యి పైన పెట్టేది, అదే పూజ.

టియాన్‌జిన్ దగ్గరి యాంగ్‌ల్యూచింగ్, హెనాన్‌లోని జూషియన్‌జెన్, సిచువాన్‌లోని మియాన్‌జూ ఊళ్లు ఈ అచ్చుబొమ్మలకు పేరుమోసినవి. చైనా పద్ధతి వంటగది కావాలనుకునేవాళ్లు ప్లాస్టిక్ డ్రాగన్ బదులు ఇలాంటి ఒక అచ్చుబొమ్మకు అద్దం కట్టించి పెట్టుకుంటే గోడకే కళ వస్తుంది. అది ఒకరు కొలిచే దేవుడి బొమ్మ కాబట్టి మన పటాలకు ఇచ్చే మర్యాదే దానికీ ఇవ్వాలి.

షాంఘై దగ్గరి చోంగ్‌మింగ్ దీవిలో, జెజియాంగ్‌లోని జియాషింగ్ పల్లెల్లో ఇటుక పొయ్యికి సున్నం వేసి దాని మీదే పూలు, చేపలు, పక్షులు గీసేవారు. పొయ్యి కట్టిన మేస్త్రీయే బొమ్మలూ వేసేవాడు. నలుపు రంగు కోసం దుకాణానికి పోనక్కర్లేదు, బాణలి అడుగున గీకితే వచ్చే మసి చాలేది.

పిల్లికి మండుకొచ్చే బీరువా

చైనాలో వండిన పదార్థాలు దాచే పాతకాలపు చెక్క బీరువాకు తలుపులు మొత్తం మూసి ఉండవు. సన్నని చెక్క పుల్లలతో జాలీలా అల్లి ఉంటాయి. లోపలికి గాలి ఆడుతుంది, కూర తొందరగా పులవదు. పిల్లికి వాసన తగులుతుంది, గిన్నె కనబడుతుంది, పంజా మాత్రం దూరదు. ఆ కడుపుమంటతోనే అది చచ్చిపోతుందన్నట్టు ఆ బీరువాకు అక్కడి జనం పెట్టుకున్న పేరే 'పిల్లిని కోపంతో చంపేది'. మన ఇళ్లలో ఇదే పని ఉట్టి చేసింది, తర్వాత ఇనప జాలీ తలుపుల బీరువా చేసింది.

ఈ జాలీ పని చైనాలో గొప్ప కళగా ఎదిగింది. 1630లలో జీ చెంగ్ అనే తోటల నిపుణుడు రాసిన 'యువాన్ యె' గ్రంథంలో కటకటాల నమూనాలను బొమ్మలు గీసి మరీ చూపించాడు. 'పగిలిన మంచు' అనే నమూనా నాకు మరీ ఇష్టం. గడ్డకట్టిన చెరువు మీద పగుళ్లు ఎటు పడితే అటు పాకినట్టు ఉంటాయి గీతలు. ఒక్క గీతా ఇంకోదానితో సమానంగా ఉండదు, అయినా మొత్తం చూస్తే ఎక్కడా గజిబిజి అనిపించదు. మంచి వడ్రంగి చేతిలో పెడితే టేకు చెక్కతో మనకూ చేసిపెడతాడు. ఒక్క జాగ్రత్త చెప్పాలి: పొయ్యికి దగ్గరగా మాత్రం పెట్టించకండి. రోజూ తాలింపు వేసే ఇంట్లో ఆ సందుల్లో జిడ్డు పట్టిందంటే తుడవడానికి చేతులు పడిపోతాయి. పొయ్యికి ఎదురుగోడ మీద, గిన్నెలు సర్దుకునే చోట అయితే హాయిగా ఉంటుంది.

రెండు వంటిళ్ల ఇల్లు

ఫోటోల్లో కనిపించే 'చైనా కిచెన్' తరచూ హాల్లో కలిసిపోయి తెరిచి ఉంటుంది. అసలు చైనా ఇళ్లలో ఎక్కువమంది కోరుకునేది తలుపున్న వంటగది. మండే మంట మీద బాణలి పెట్టి వేయిస్తే లేచే నూనె పొగ ఇల్లంతా చుట్టేస్తుంది కాబట్టి జరిపే అద్దాల తలుపు పెట్టించుకుంటారు. సింగపూర్, మలేషియాల్లో ఇంకో అడుగు ముందుకేసి వంటగదిని రెండు చేశారు. ఒకటి పొగ, నీళ్లు, కడుగుడు పనికి. ఇంకోటి టీ కాఫీలకు, వచ్చిన చుట్టాలకు చూపించడానికి.

ఇందులో మనవాళ్లకూ భాగముంది. అమెరికా, కెనడాల్లో ఇళ్లు కట్టి అమ్మేవాళ్లు ఈ రెండో వంటగదిని చైనా కుటుంబాలకు 'వోక్ కిచెన్' అని, భారతీయులకు 'స్పైస్ కిచెన్' అని చెప్పి అమ్ముతారు. గది ఒకటే. అక్కడి తెలుగువాళ్లు పోపు ఘాటు హాల్లోకి రాకుండా వాడుకునేదీ ఇదే.

ఊరగాయ జాడీకి నీళ్ల కాపలా

సిచువాన్ వంటింట్లో ఓ మూల తప్పక కనిపించే జాడీ ఒకటుంది. మెడ చుట్టూ కాలవలాగా ఒక గట్టు, దాంట్లో నీళ్లు, ఆ నీళ్లలో బోర్లించిన గిన్నె. ఆ గిన్నే మూత. లోపల ఉప్పునీళ్లలో ముల్లంగి, క్యాబేజీ, మిరపకాయలు ఊరుతుంటాయి. పులిసేటప్పుడు పుట్టే వాయువు మూత అంచు కింద నుంచి దారి చేసుకుని నీళ్లలోంచి బుడగలుగా బయటికి పోతుంది. బయటి గాలి మాత్రం నీళ్లు దాటి లోపలికి రాలేదు. మూత మీద బరువక్కర్లేదు, కట్టు అక్కర్లేదు, కాలవలో నీళ్లు ఎండిపోకుండా చూసుకుంటే చాలు. గాజుతో చేసిన జాడీలూ ఉన్నాయి. వాటి పక్కన నిలబడి చూస్తే ఉన్నట్టుండి ఒక బుడగ 'బుళుక్'మని పైకి రావడం, వెనకే మూత కాస్త కదలడం కనిపిస్తాయి.

మన ఆవకాయ జాడీకి వాసెన కట్టడం, ఊటలో నూనె పైకి తేలేలా చూసుకోవడం కూడా గాలిని దూరం పెట్టడానికే. దారులు వేరు, ఎత్తుగడ ఒకటి. మామిడికాయల కాలంలో మన గోధుమరంగు జాడీ పక్కన ఒక సిచువాన్ జాడీ పెట్టి చూడండి, ఎంత చక్కగా జతకుదురుతాయో.

కొరియాలో జాడీలకు వంటింట్లో చోటే లేదు. పెరట్లో ఎండ తగిలే చోట అరుగు కట్టి దాని మీద పెద్దవి వెనక, చిన్నవి ముందు వరసగా పేరుస్తారు. ఆ అరుగు పేరు జాంగ్‌డోక్‌డే. ఓంగి అనే ఆ జాడీల మట్టిలో కంటికి కనబడని రంధ్రాలుండి గాలి కొద్దికొద్దిగా ఆడుతుంది, సోయా ముద్ద నెలల తరబడి మాగుతుంది. కొరియావాళ్లు కలిసి కిమ్చి పెట్టుకునే సంప్రదాయాన్ని 2013లో, సోయాను మాగబెట్టి జాంగ్‌లు చేసుకునే పద్ధతిని 2024లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అపార్ట్‌మెంట్లు వచ్చి పెరడు పోయాక ఆ అరుగు స్థానంలోకి 1995లో కిమ్చి ఫ్రిజ్ వచ్చింది. ఇప్పుడు కొరియా ఇళ్లలో మామూలు ఫ్రిజ్ పక్కన అది మరోటి ఉండటం మామూలే.

నీలం రంగు పర్షియాది, తెల్ల మట్టి చైనాది

తెల్లటి పింగాణీ మీద నీలం పూలు. చైనా అనగానే కళ్ల ముందు మెదిలే బొమ్మ ఇదే. జియాంగ్షీ రాష్ట్రంలోని జింగ్‌డెజెన్ ఊరు దీనికి పేరుమోసింది. అక్కడి కేయోలిన్ మట్టితో చేసిన పాత్ర 1300 డిగ్రీల దగ్గర కాలితేనే ఆ తెలుపూ, వేలితో కొడితే గణగణ మోగే గట్టిదనమూ వస్తాయి. 14వ శతాబ్దంలో, మంగోలు యువాన్ చక్రవర్తుల కాలంలో, ఈ పనితనం ఉచ్చస్థితికి చేరింది. అప్పట్లో ఆ నీలం కోసం వాడిన కోబాల్టు పర్షియా నుంచి దిగుమతైంది. అంటే చైనాకే గుర్తుగా మారిన ఆ జోడీలో సగం పరాయిదే. జియాంగ్షీలోని ఒక గుడికి 1351లో ఒక భక్తుడు సమర్పించిన కూజాల జత ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మెడ మీద తేదీ రాసి ఉండటం వల్ల ఈ రకం పాత్రల కాలం లెక్క కట్టడానికి పండితులకు ఆ జతే ఆధారమైంది.

అంతకు 500 ఏళ్ల ముందే చైనా గిన్నెలు సముద్రం మీద రాశులుగా పోయేవి. 1998లో ఇండొనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర 9వ శతాబ్దపు అరబ్బు తరహా ఓడ ఒకటి దొరికింది. అందులో దాదాపు 60,000 వస్తువులు, చాలావరకు చాంగ్‌షా బట్టీల్లో కాల్చిన మామూలు గిన్నెలే. పగలకుండా ఉండటానికి వాటిని పెద్ద జాడీల లోపల ఒకదానిలో ఒకటి చుట్టలుగా పేర్చి పంపారు. రాజుల కోసం కాదు, బజారులో అమ్మడానికి చేసిన సరుకు. ఇప్పుడు సింగపూర్‌లోని ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో గోడ పొడవునా కొలువు తీరింది.

ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి రాజభవనంలో పదివేలకు పైగా చైనా పాత్రలున్నాయి. వాటిని ప్రదర్శించింది ఎక్కడో కాదు, ఆ కోట పాత వంటశాలల్లోనే. 1574లో అగ్నిప్రమాదం జరిగాక మహాశిల్పి సినాన్ తిరిగి కట్టిన వంటశాలలవి. సుల్తాన్లు ముచ్చటపడింది లేత ఆకుపచ్చ సెలడాన్ పళ్లేల మీద. విషం కలిసిన వంటకం పెడితే పళ్లెం పగులుతుందనో రంగు మారుతుందనో నమ్మేవారు. మన దక్కను దర్బారుల దాకా పాకిన నమ్మకమిది. అది నిజం కాదుగానీ ఆ పచ్చదనం మాత్రం చూసి తీరవలసిందే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లినప్పుడు చైనా, జపాన్ పింగాణీ ఉన్న వైపు తీరిగ్గా నడవండి.

1640లలో మింగ్ రాజ్యం కూలి చైనా సరుకు రావడం తగ్గేసరికి హాలండ్‌లోని డెల్ఫ్ట్ కుమ్మరులు ఆ నీలం తెలుపులను అనుకరించి అమ్ముకున్నారు. వాళ్ల దగ్గర కేయోలిన్ లేదు. మామూలు మట్టి మీద తెల్ల పూత పూసి చైనా పింగాణీలా కనబడేలా చేశారు. డచ్చి పలకలు యూరప్ వంటిళ్ల గోడలెక్కాయి. జర్మనీలో మ్యూనిక్ దగ్గరి అమాలియన్‌బుర్గ్ వేట భవనం (1734-39) వంటగది చూడండి: గోడలంతా డచ్చి పలకలు, వాటి మీద చైనా తరహా పూలకుండీలు, మనుషుల బొమ్మలు. వంటగదిని చైనా పద్ధతిలో అలంకరించుకునే సరదాకు దాదాపు మూడు వందల ఏళ్ల వయసుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు.

విల్లో చెట్టు, వంతెన మీద ముగ్గురు మనుషులు, ఆకాశంలో రెండు పక్షులు ఉండే నీలం ప్లేటు చూసే ఉంటారు. అది చైనాది కానే కాదు, 18వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో పుట్టింది. ఆ పక్షులు చనిపోయిన ప్రేమికులన్న కథ కూడా ప్లేట్ల అమ్మకం కోసం అక్కడే అల్లినది.

మోటుపల్లికి వచ్చింది, చీమకుర్తి నుంచి వెళ్లింది

కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ప్రసిద్ధం. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును రాజు లాక్కోడని విదేశీ వర్తకులకు అందులో హామీ ఇచ్చాడు. సుంకం కట్టవలసిన వస్తువుల పట్టీలో చందనం, ముత్యాలు, పట్టునూలుతోపాటు చీనా కర్పూరం కూడా ఉంది. ఇప్పుడు మోటుపల్లి బాపట్ల జిల్లాలో ఒక చిన్న తీర గ్రామం.

అక్కడికి ఎంతో దూరం లేని ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే నల్లరాయిని బ్లాక్ గెలాక్సీ అంటారు. నల్లటి రాయిలో బంగారు రవ్వల్లా మెరిసేవి బ్రాంజైట్ స్ఫటికాలు. పాలిష్ పెట్టి దీపం కింద చూస్తే రాతి లోపల లోతుగా చుక్కలు పొదిగినట్టుంటుంది, తల కొంచెం వంచితే కొన్ని ఆరి వేరేవి వెలుగుతాయి. ఈ రాతి దిమ్మల్ని ఎక్కువగా కొనే దేశాల్లో చైనా ముఖ్యమైనది. అక్కడి కోత మిల్లుల్లో పలకలై ప్రపంచమంతా వంటగదుల గట్ల మీద పరుచుకుంటోంది. చైనా పద్ధతి వంటగది కోసం గట్టురాయి వెతుక్కునే తెలుగువాళ్లు ఒంగోలు దాటి వెళ్లనక్కర్లేదు.

నిప్పుకీ నీళ్లకీ మధ్య చెక్క

మన వాస్తు ఆగ్నేయ మూల పొయ్యి పెట్టమంటుంది. చైనావారి ఫెంగ్ షుయ్ దిక్కుతోపాటు పొయ్యికి ఎదురుగా ఏముందో కూడా చూస్తుంది. పొయ్యి, సింకు ఎదురెదురుగా ఉండకూడదంటారు, నిప్పుకీ నీళ్లకీ పడదు కాబట్టి. తప్పనిసరైతే మధ్యలో చెక్క వస్తువో ఆకుపచ్చని మొక్కో పెట్టమంటారు. వాళ్ల పంచభూతాల్లో చెక్క ఒకటి, లోహం ఒకటి. నీరు చెక్కను పెంచుతుంది, చెక్క నిప్పును పెంచుతుంది, అలా తగవు తీరుతుందని లెక్క. నమ్మకం మాట అటుంచితే, వేడి నూనె పక్కన నీళ్ల చుక్కలు పడకుండా రెంటి మధ్య రెండడుగుల గట్టు ఉండటం ఏ వంటగదికైనా మంచిదే.

ఆవిరి బుట్ట, చెట్టు మొద్దు

వెదురు ఆవిరి బుట్టలను ఒకదాని మీద ఒకటి ఎన్నయినా పేర్చవచ్చు. అల్లిక మూత ఆవిరిని కొంచెం కొంచెంగా వదిలేసి తడిని పీల్చుకుంటుంది, అందుకే నీటిబొట్టు పిండి ఉండల మీద పడదు. లోహపు మూత నుంచి టపటపా పడుతుంది. వాసెన కట్టి కుడుములు ఉడికించే మనకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. వాడాక బుట్టను గోడకు తగిలిస్తే ఆరుతుంది, అందంగానూ ఉంటుంది. తడిగా అరలో పెడితే బూజే.

చైనా వంటవాళ్ల కూరగాయలు తరిగే చెక్క గుండ్రంగా ఉండటానికి కారణం సులువు. అది చెట్టు మానును అడ్డంగా కోసిన ముక్క. నిలువు పోగుల మధ్యకు కత్తి దిగుతుంది, పదును పోదు.

షాన్‌డాంగ్‌లోని జాంగ్‌చ్యూలో చేత్తో కొట్టి చేసే ఇనప బాణలికి 36,000 సుత్తి దెబ్బలు పడతాయని చెబుతారు. 2018లో చైనా టీవీలో ఆ ఊరి మీద కార్యక్రమం వచ్చాక అక్కడి దుకాణాలు ఖాళీ అయిపోయాయి.

జపాన్ వంటిల్లు: మెట్ల కింద సొరుగులు, నిప్పు పైన చేప

చిన్న ఫ్లాటుకు జపాన్ నుంచి నేర్చుకోదగినంత ఇంకెక్కడి నుంచీ లేదు. మిజుయా-దన్సు అనేది వంటింటి బీరువా, పైభాగం కిందిభాగం విడివిడిగా ఉండి అవసరమైతే వేరుచేసి మోసుకుపోవచ్చు. కైదన్-దన్సు ఇంకా తెలివైనది: మెట్లే బీరువా. ప్రతి మెట్టు కిందా ఒక సొరుగో అరో ఉంటుంది. డ్యూప్లెక్స్ ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రీకి చెప్పే ముందు దీని బొమ్మ ఒకసారి చూడాలి.

పాత పల్లెటూరి ఇళ్లలో నేలలో గుంత తీసిన కుంపటి, దాని పైన కప్పు నుంచి వేలాడే కొక్కెం ఉంటాయి. కొక్కేన్ని పైకీ కిందికీ జరిపే చెక్కముక్కను చాలాచోట్ల చేప ఆకారంలో చెక్కుతారు. చేప నీళ్లలోది, ఇంటికి నిప్పంటకుండా కాస్తుందని నమ్మకం.

లక్క పూసిన నల్లటి, ఎర్రటి జపాన్ గిన్నెలు కొనుక్కున్నవాళ్లకు ఒక మాట. ఆ పూత ఉరుషి చెట్టు పాలు. అది ఎండకు ఆరదు, తేమకు గట్టిపడుతుంది. అందుకే పనివాళ్లు 70, 80 శాతం తేమ ఉన్న అరల్లో పెడతారు. చైనాలోని హెముడులో దాదాపు 7,000 ఏళ్లనాటి ఎర్ర లక్క గిన్నె తవ్వకాల్లో బయటపడింది. అంతకాలం నిలిచిన పూత కూడా ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే వెలిసిపోతుంది. మన కోస్తా ఉక్క వాటికి ఇబ్బంది లేదు, పొయ్యి సెగ మాత్రం తగలనివ్వకండి.

కొరియాలో వంటపొయ్యి పొగను పడకగది నేల కింది గొట్టాల గుండా పంపి గదిని వెచ్చబరిచేవారు. అందుకే పాత ఇళ్లలో వంటగది నేల మిగతా గదులకంటే పల్లంగా ఉంటుంది.

మళ్లీ ఆ నాలుగు బొమ్మలు

చెయ్యూపే పిల్లి చైనాది కాదు, జపాన్‌ది. అది చెయ్యూపడం లేదు, రమ్మని పిలుస్తోంది. అరచెయ్యి కిందికి పెట్టి వేళ్లు ఆడించి పిలవడం మనకూ అలవాటేగా. బొజ్జ బుద్ధుడు గౌతమ బుద్ధుడు కాదు, పదో శతాబ్దంలో చైనాలో తిరిగిన బుడై అనే జోలెసంచి సన్యాసి. ఎరుపు శుభం కాబట్టి లాంతరు ఎప్పుడైనా బాగుంటుంది. అలంకారం కోసమని అన్నం గిన్నెలో చాప్‌స్టిక్‌లు నిలువుగా గుచ్చి మాత్రం పెట్టకండి. చైనాలోనూ జపాన్‌లోనూ చనిపోయినవాళ్ల ముందు గుచ్చే అగరొత్తుల్లా కనిపిస్తుంది, చూసిన అతిథి మనసు చివుక్కుమంటుంది.

పాత బజార్లలోనో విదేశీ ప్రయాణంలోనో రంగురంగుల గిన్నె నచ్చి కొన్నవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. కొన్ని పాత పూతల్లో, ముఖ్యంగా తక్కువ వేడిలో కాల్చిన ముదురు రంగుల్లో సీసం ఉంటుంది. పులుపు తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది. ఎక్కడ చేశారో, ఏ పూత పూశారో తెలియని గిన్నెల్లో చింతపండు పులుసు, పచ్చడి, పెరుగు, నిమ్మరసం పోయకండి. వాటిని అరలో అందంగా పెట్టుకుని, తినడానికి ఆహారానికి పనికొస్తాయని రాసి ఉన్నవే వాడండి.